తిప్పరాజుపల్లిలో కురిసిన సినిమా వాన

ప్రొడక్షన్ మేనేజర్ మూర్తి మైకు పట్టుకొని, "అందరూ దయచేసి లేవండి, షూటింగు మొదలుపెట్టాలి" అని బతిమాలుతున్నాడు. తడిసిన ఎర్రచేలో గొంతుక్కూర్చున్న వందలమందిలో ఒక్కరు కూడా తల ఎత్తలేదు. మూర్తి చేలోకి దిగి, దగ్గర్లో ఉన్న ఒక ముసలాయన ముందు నిలబడ్డాడు.

"కాలు తియ్యప్పా" అన్నాడు ముసలాయన. "నీ చెప్పు కింద ఏముండాదో చూడల్ల."

మూర్తి కాలు తీశాడు. ముసలాయన అక్కడి మన్ను వేలితో కెలికి, ఏమీ లేదని తేల్చుకొని, "ఊ, పెట్టుకో" అన్నాడు.

"తాతా, ఇది నిజం వాన కాదు. నిన్న మేము పైపులు పెట్టి కురిపించాం."

"ఎవురు కురిపిస్తే ఏమప్పా. మన్ను తడిసినాది గదా. రాయి కడిగినాది గదా."

మూర్తి మైకు చంకలో పెట్టుకొని గట్టెక్కాడు.

చేను పక్కనే ఒక చీనీ తోట, మీ వైపు బత్తాయి అంటారు. ఆకులు ముడుచుకొని, కాయలు రాలిపోయి, చూడ్డానికి కట్టెల మోపులు నిలబెట్టినట్టు ఉంది. దాని కంచె దగ్గర నడుం మీద చేతులు పెట్టుకొని లక్ష్మీదేవమ్మ నిలబడి ఉంది. ఆమె చేలోని జనాన్ని చూడటం లేదు. రోడ్డు మీద నిండుగా నిలబడి ఉన్న నీళ్ళ ట్యాంకర్లను చూస్తోంది. ఆ వారంలో ఆ నీళ్ళు తన చెట్ల మొదళ్ళకు చేరకపోతే, ఎనిమిదేళ్ళు పెంచిన తోట పొయ్యిలోకి పోతుంది.

మా జిల్లాలో పర్యావరణం అనే విషయం నాకు అర్థమైంది ఆ పొద్దున. అందుకే అక్కడినుంచి మొదలుపెట్టాను.

మా కాలంలో ఆ పేరు లేదు

అనంతపురంలో ఒక దినపత్రికకు విలేకరిగా పనిచేసి రిటైరయ్యాను. ఈ మధ్య జర్నలిజం చదివే పిల్లలు ఇంటికి వచ్చి, "పర్యావరణ వార్తలు ఎట్లా రాయాలి సార్" అని అడిగారు. మా రోజుల్లో అలాంటి వార్తలకు వేరే పేరు లేదు. నీళ్ళు లేవు అనేది వార్త. నీళ్ళు వచ్చాయి అనేది ఇంకా పెద్ద వార్త. మిగిలినవన్నీ లోపలి పేజీ.

తొంభైల చివర్లో సినిమావాళ్ళు మా వైపు రావడం ఎక్కువైంది. కత్తులు, పగలు, గాల్లోకి లేచే జీపులు ఉన్న కథలకు మా నేల సరిపోయిందట. ఎర్రమన్ను, బోడిగుట్ట, ముళ్ళచెట్టు ఖర్చు లేకుండా దొరుకుతాయి. ఆ సంవత్సరాల్లో మా జిల్లాలో వానమబ్బుల కంటే జీపులే ఎక్కువసార్లు పైకి లేచాయని మా ఫొటోగ్రాఫర్ అనేవాడు.

షూటింగు జరిగేటప్పుడు అందరు విలేకర్లూ వెళతారు. హీరోతో ఫొటో, భోజనం, బాగుంటుంది. కొత్తవాళ్ళకు నా సలహా ఏమిటంటే ప్యాకప్ చెప్పిన మరునాడు వెళ్ళండి. బుక్కరాయసముద్రం చెరువులో ఎండిన మూల ఒకసారి కోట గుమ్మం సెట్ వేశారు. గుమ్మం మీద ఏనుగులు, సింహాలు, అన్నీ థర్మకోలువి. పని అయిపోగానే యూనిట్ వెళ్ళిపోయింది, గుమ్మం ఉండిపోయింది. గాలికాలం వచ్చింది. సింహాలు పొడిపొడిగా రాలి చెరువంతా తెల్లగా పరుచుకున్నాయి. అటు గొర్రెలు తోలుకొచ్చిన ఒకాయన నాతో, "ఈ తూరి చెరువులో పత్తి బాగా పండినాదే అనుకొంటి సార్. దగ్గరికి వచ్చి చూస్తే సింగం చెవి" అన్నాడు. అతని గొర్రెలు అప్పటికే సింహం తోక తినేశాయి. వాటికేం కాలేదు గానీ, రెండు రోజులు అతను వాటి వెనకే అనుమానంగా తిరిగాడు.

ఆ వార్త రాస్తే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అదే పేజీలో హీరో నవ్వుతున్న ఫొటో ఉంది మరి.

బల్లి సూత్రం

మా ఎడిషన్ ఇన్‌చార్జి సుబ్రహ్మణ్యంగారు కృష్ణా జిల్లా మనిషి. వానలు, కాలువలు చూసి పెరిగినవాడు కావడంతో మా జిల్లా వార్తలు చదువుతూ, "ఇదేంటయ్యా, రోజూ ఎండే రాస్తారు" అని విసుక్కునేవారు. కానీ వార్త కట్టడంలో ఆయన్ని మించినవాణ్ణి నేను చూడలేదు. ఆయన ఒకటే చెప్పేవారు.

"వార్త బల్లిలా ఉండాలయ్యా. తోక తెగినా బతకాలి."

ఎందుకంటే పేజీ కట్టేటప్పుడు ప్రకటన వచ్చిపడితే, డెస్కులో వార్తను కిందినుంచి కోస్తారు. చదివి కోసే తీరిక ఉండదు. అందుకని ముఖ్యమైనది తలలో ఉండాలి. ఇది నేను అనంతపురంలో నేర్చుకున్నాను, మండలాల్లో వార్తకింత అని తీసుకొని రాసే కంట్రిబ్యూటర్లకు నేర్పాను. ఒక్క చాంద్ బాషాకు తప్ప అందరికీ ఎక్కింది.

చాంద్ బాషా వజ్రకరూరు వైపు మా కంట్రిబ్యూటరు. పొద్దంతా మిషను కుడతాడు, మధ్యలో వార్తలు రాస్తాడు. గొప్ప కథకుడు. అదే ఇబ్బంది. ఏ వార్తయినా అసలు సంగతి చివరి వాక్యంలో దాచి పెడతాడు. "ముందే చెప్పేస్తే చదివేటోనికి ఏం మిగుల్తాదన్నా" అనేవాడు. దొంగతనం వార్తలో దొంగ ఎవరో ఆఖరున చెప్పేవాడు. ఒకసారి పెళ్ళి వార్తలో పెళ్ళికొడుకు పేరు కూడా ఆఖర్నే చెప్పాడు.

కత్తి పడేస్తే వాన

ఇక తిప్పరాజుపల్లి. వజ్రకరూరుకు అవతల చిన్న ఊరు. వరుసగా వానలు లేని సంవత్సరాలు. ఒక పెద్ద యూనిట్ అక్కడ వాన పాట తీయడానికి వచ్చింది. కథ ప్రకారం హీరో పగ వద్దనుకొని కత్తి కింద పడేస్తాడు. వెంటనే, ఎండిన నేల మీద వాన. హీరోయిన్ పరుగెత్తుకొస్తుంది, పాట.

మొదటిరోజు నేను చూడటానికి వెళితే చాంద్ బాషా కథంతా విని, "మా ఊర్లల్లో కత్తి పడేసినోళ్ళు శానామంది ఉండారన్నా. ఒకరికీ చుక్క పడలేదు" అన్నాడు.

వానకు నీళ్ళు తెచ్చే పని ట్యాంకర్ల ఈరన్నది. మామూలుగా అతను వారానికోసారి లక్ష్మీదేవమ్మ తోటకు నీళ్ళు తోలేవాడు. ఆమె బోరు ఏడాది కిందటే ఎండిపోయింది. ఆ చుట్టుపక్కల చీనీ రైతులందరూ అలాగే చెట్లను ట్యాంకర్లతో బతికిస్తున్నారు. సినిమావాళ్ళు ఎక్కువ ఇస్తామనేసరికి ఈరన్న బండ్లు తోట దాటి చేను దగ్గర ఆగాయి. లక్ష్మీదేవమ్మ నేరుగా అక్కడికే వచ్చింది.

"ఏమిరా ఈరన్నా, నా తోటకు రావాల్సిన బండ్లు ఈడ యాల నిలబడినాయి?"

"నాలుగు దినాలే లచ్చుమక్కా. సినిమా అయిపోతానే నీ కాడికే."

"నాలుగు దినాలు ఆగమని నా చెట్లకు నువ్వే వచ్చి చెప్పు. నేను చెప్తే ఇనడంలేదు."

ఈరన్న తల గోక్కున్నాడు. మూర్తి కలగజేసుకొని, "అమ్మా, సినిమా రిలీజైతే మీ ఊరికి ఎంత పేరొస్తుందో" అన్నాడు. ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసి, "పేరు పాదులో పోస్తే చెట్టు తాగుతాదా సామీ" అంది. వెళ్ళిపోలేదు. కంచె దగ్గర కూర్చుంది. మరునాడు కూడా వచ్చి కూర్చుంది.

ఆ రెండో రోజు పైపులు ఎత్తి, చేను మీద వాన కురిపించారు. నేను అనంతపురంలో ఉన్నాను. చాంద్ బాషా ఒక్కడే ఉన్నాడు. చూసి, కదిలిపోయి, వార్త రాసి ఫ్యాక్స్ చేశాడు.

తెగిన తోక

వార్త ఇలా మొదలవుతుంది: "తిప్పరాజుపల్లిలో కుండపోత వాన కురిసింది. ఎండి నెర్రెలిచ్చిన ఎర్రచేను తడిసి ముద్దయింది. మట్టివాసన ఊరంతా కమ్ముకుంది. వృద్ధులు చేతులెత్తి మొక్కారు." ఇలా చాలా నడిచి, చివర్లో, "అయితే ఆకాశంలో మబ్బు లేదు. ఇది సినిమావాళ్ళు ట్యాంకర్ల నీళ్ళతో కురిపించిన వాన" అని ముగుస్తుంది.

ఆఖరి నిమిషంలో ఎవరిదో దుకాణం ప్రారంభోత్సవం ప్రకటన వచ్చింది. డెస్కులో కత్తెర పడింది. రెండు వాక్యాలు పోయాయి. అవి ఏ రెండో చెప్పనక్కర్లేదు.

పొద్దున్నే సుబ్రహ్మణ్యంగారి ఫోన్. "ఏవయ్యా, అక్కడ కుండపోత అని మనమొక్కళ్ళమే వేశాం. మిగతా పేపర్లు నిద్రపోతున్నాయా, మనం కలగంటున్నామా? వెళ్ళి చూసి రా."

వజ్రకరూరు సంగతి తెలియనివారికి ఒక మాట. ఆ నేలల్లో వజ్రాలు ఉంటాయి. వాన పడి పైమన్ను కొట్టుకుపోతే రాయి తేలి మెరుస్తుందని, తొలకరి చినుకు వినగానే జనం చద్ది కట్టుకొని బయల్దేరుతారు. కర్నూలు నుంచి, బళ్ళారి నుంచి వస్తారు. బడి వరండాల్లో పడుకుంటారు. పొద్దున్నుంచి తల వంచి నడుస్తారు, మాట్లాడుకోరు. ఆ ఏడు వాన లేక వాళ్ళంతా ఎదురుచూస్తున్నారు. ఎక్కడ ఏ వాన పడిందని వెతుక్కునేవాళ్ళకు పేపరులో మా వార్త ఒక్కటే కనబడింది.

నేను వెళ్ళేసరికి చేను నిండిపోయి ఉంది. చాంద్ బాషా గట్టు మీద పేపరు పట్టుకొని నిలబడి ఉన్నాడు. "ఆఖరి రెండు మాటలు యాడికి పోయినాయన్నా?" అన్నాడు. నేను చేనువైపు చూపించాను.

పావడా రాయి

మూర్తి పోలీసులకు కబురు పెట్టాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చారు. "లేయండి, లేయండి" అంటూ లాఠీ తిప్పుకుంటూ చేలోకి దిగారు. కాసేపటికి వాళ్ళ నడక నెమ్మదించింది. మరికాసేపటికి చూస్తే ఇద్దరూ తల వంచి, లాఠీతో మన్ను కదుపుతూ చెరో మూలకు పోతున్నారు.

అప్పుడే గుంతకల్లు నుంచి వచ్చిన ఒకామె, "దొరికినాది" అంది. చేనంతా అటు పరుగెత్తింది. ఆమె అరచేతిలో నిజంగానే ఒక రాయి తళతళమంటోంది. కాస్ట్యూమ్స్ అతను గుంపును తోసుకొని వెళ్ళి చూసి, "అమ్మా, ఇది మా హీరోయిన్ పావడాది. నిన్న డాన్సులో ఊడిపోయింది" అన్నాడు.

"అది నువ్వు చెప్తే చాలదు. రాళ్ళు కొనే షావుకారి చెప్పల్ల" అంటూ ఆమె దాన్ని కొంగున ముడివేసుకుంది.

హీరోయిన్ పావడాకు అలాంటి రాళ్ళు చాలానే ఉండేవి. వాటిలో చాలా ఊడిపోయాయి. ఒక్కొక్కటీ దొరుకుతున్న కొద్దీ జనం రెట్టింపయ్యారు. హీరో ఆ సాయంత్రమే వెళ్ళిపోవాలి. డైరెక్టరు కుర్చీలో కూలబడి, "ఇంకెక్కడైనా చోటు చూడండయ్యా" అన్నాడు.

అప్పుడు లక్ష్మీదేవమ్మ కంచె దగ్గరనుంచి లేచి వచ్చింది.

"నా తోటలో కురిపించండి సామీ."

"తోట కాదమ్మా. మా కథలో ఎండిపోయిన నేల కావాలి."

"కండ్లు తెరిచి చూడు. దాంట్లో పచ్చంగా ఏముండాది? నీకు ఎండింది కావల్ల, నాకు తడి కావల్ల. ఇద్దరికీ సరిపోతాది."

డైరెక్టరు లేచి తోట చూశాడు. ఒక ఆకు తెంపితే చేతిలో పొడి అయింది. "బ్రహ్మాండం" అన్నాడు. ఎనిమిదేళ్ళ కష్టాన్ని అలా మెచ్చుకున్నందుకు ఆమె అతన్ని కొడుతుందేమో అనుకున్నాను. కొట్టలేదు.

మూర్తికి మాత్రం అనుమానం. "వీళ్ళంతా తోటలోకీ వస్తారు కదమ్మా?"

"రానీ" అని ఆమె జనం వైపు తిరిగింది. "ఏమప్పా, పైపైన చూస్తే యాడ దొరుకుతాది? నా తోటలో కలుపు తియ్యక రెండేండ్లాయ. చెట్ల చుట్టూ గుండ్రంగా తవ్వి చూడండి. అడిగేవాళ్ళు లేరు. వాన పడేటప్పుడు మాత్రం గట్టు ఎక్కి కూర్చోవల్ల."

పైపులు మార్చేలోపల జనం తోటలోని ప్రతి చెట్టు చుట్టూ గుండ్రంగా, చక్కగా తవ్వారు. కూలీలను పెట్టినా అంత బాగా పాదులు తీయరు. వజ్రం దొరకలేదు. నీళ్ళు నిలవడానికి చోటు దొరికింది.

ఇంకోసారి

తోటలో వాన మొదలైంది. నేను చూసిన షూటింగుల్లో ఇంత శ్రద్ధగా జరిగింది ఇంకొకటి లేదు. దానికి కారణం డైరెక్టరు కాదు.

మొదటి టేక్ అయ్యాక ఆయన "ఓకే" అన్నాడు.

కెమెరా పక్కన గొంగడి కప్పుకొని కూర్చున్న లక్ష్మీదేవమ్మ, "ఏం ఓకే సామీ. ఆ పాప చెయ్యి ఎత్తాల్సిన కాడ దించినాది, నేను చూస్తి" అంది.

డైరెక్టరు డాన్స్ మాస్టరు వైపు చూశాడు. మాస్టరు నేల చూశాడు. ఆయనా గమనించి ఊరుకున్నాడన్నమాట. మళ్ళీ తీశారు. ఈసారి హీరో పెదవులు పాటతో కలవలేదని ఆమె చెప్పింది. అదీ నిజమే. మళ్ళీ తీశారు. మూడోసారి ఏ తప్పూ దొరకలేదు.

"అంతా బాగుండాది" అంది ఆమె. "అయితే ఆ పడమటి మూల కాడ నిలబెట్టి చూడు సామీ. ఎనక గుట్ట వస్తాది, ఇంకా అందంగా ఉంటాది."

పడమటి మూల చెట్లకు అప్పటిదాకా చుక్క చేరలేదు. డైరెక్టరు చతురస్రంగా వేళ్ళు పెట్టి అటు చూసి, "కరెక్టే" అన్నాడు. పైపులన్నీ అటు కదిలాయి. హీరో తుడుచుకుంటూ మూర్తిని పిలిచి, "ఆవిడ ఎవరు, నిర్మాత తరఫు మనిషా?" అని గొంతు తగ్గించి అడగడం నేను విన్నాను.

ఈరన్న బండ్లు ఖాళీ అయ్యేసరికి ప్రతి పాదులోనూ నీళ్ళు నిలిచి ఉన్నాయి. ట్యాంకర్లకు ప్యాకప్ చెప్పాక ఆమె పాదు పాదుకూ తిరిగి, ఒంగి, చేత్తో తడి చూసుకుంది. వెనక్కి వచ్చి, "మల్ల ఎప్పుడొస్తారు సామీ?" అని మూర్తిని అడిగింది. మూర్తి గబగబా జీపెక్కాడు.

ఆ తర్వాత

తోట బతికింది. గట్టు పక్క కొన్ని చెట్లు పోయాయి గానీ, మిగిలినవి చిగురేశాయి. సినిమా కూడా వచ్చింది. నిడివి ఎక్కువైందని రెండో వారంలోనే ఆ వాన పాటను కోసేశారు. "నా వార్తకు పట్టిన గతే" అన్నాడు చాంద్ బాషా, కాస్త తృప్తిగా. అప్పటినుంచి అతను అసలు సంగతి మొదటి వాక్యంలోనే రాశాడు. అతని వార్తల్లో రుచి తగ్గింది. ఆ నష్టం నేను ఒప్పుకోవాలి.

ఈ కథ నేను రాశాక చుట్టుపక్కల చీనీ రైతులు నన్ను ఎక్కడ చూసినా, "అన్నా, ఏమన్నా సినిమా వస్తాండాదా? వాన పాట ఉండాదా?" అని అడగడం మొదలుపెట్టారు. ఒకాయన కరువు సమావేశంలో లేచి, సహాయం కింద తమ మండలానికి ఒక వాన పాట ఇప్పించమని పెద్దల్ని గట్టిగా కోరాడు. నవ్విన అధికారులను చూసి, "నవ్వుతారేం సార్, మీరు ఇచ్చినదాని కంటే అదే ఎక్కువ తడిపింది" అన్నాడు.

నేనూ కొన్నేళ్ళు ఆ కథను గొప్పగా చెప్పుకున్నాను. వృథా అయ్యే నీళ్ళు చెట్లకు చేరాయి, అంతకంటే ఏం కావాలి అని. తరువాత ఒకసారి విడపనకల్లు దారిలో ఒక పల్లె మీదుగా వస్తూ తాగునీళ్ళ కోసం ఆగాం. ఊరి బోరు పంపుకు హ్యాండిలు లేదు. బిందెలు పెట్టుకొని కూర్చున్న ఒకామె, మేము పేపరువాళ్ళమని తెలిసి, "తిప్పరాజుపల్లి వాన రాసింది మీరేనా?" అని అడిగింది.

అవునన్నాను, కొంచెం గర్వంగానే.

"వాన యాడ పడినాదో రాసినారు. ఆ నీళ్ళు యాడివో రాసినారా?"

ఈరన్న సినిమా వానకు ట్యాంకర్లు నింపుకున్నది ఆ ఊరి చివరి పొలంలోని బోరు దగ్గర. పొలం యజమాని ఒప్పుకొని ఇచ్చాడు. ఆ తర్వాత నెలలోపే ఊరి బోరు నీళ్ళకు బదులు గాలి కక్కింది. భూగర్భజలాల అధికారి వచ్చి చూసి కరువు వల్ల అన్నాడు. ఊరివాళ్ళు సినిమా వల్ల అన్నారు. ఈరన్నను అడిగితే, "నేను తోలకుంటే ఇంకొకడు తోల్తాడు" అన్నాడు. లక్ష్మీదేవమ్మకు ఈ సంగతి చెప్పాను. "నా చెట్లు తాగినాయి, నిజమే" అంది. "ఆ చేను తాగినాది, ఆ హీరో తడిసినాడు. ఎవురి వాటా ఎంతో తేల్చమను. నా వాటా నేను ఒప్పుకుంటా."

తేల్చేవాళ్ళు ఎవరూ రాలేదు. నేను ఉద్యోగం నుంచి దిగేనాటికి ఆ పంపుకు హ్యాండిలు లేదు. ఆ ఊరివాళ్ళు తాగే నీళ్ళు ట్యాంకర్లలోనే వస్తున్నాయి. అవి ఎక్కడ నింపుకొస్తున్నారో ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు.